వెన్నెల్లో బొగ్గు

ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవాలంటే ముందు పెద్దవాళ్ల బొమ్మ ఒకటి కాపీ చెయ్యమంటారు. నేను టర్నర్‌ని ఎంచుకున్నాను. 1835 నాటి చిత్రం. ఇంగ్లండ్‌లో టైన్ నది మీద, వెన్నెల రాత్రి, కూలీలు పడవల్లోంచి ఓడల్లోకి బొగ్గు ఎత్తిపోస్తుంటారు. అసలు బొమ్మ వాషింగ్టన్‌లో ఉంది. గోదావరిఖనిలో మా ఇంటి వసారాలో నాకున్నది ఫోన్ తెర.

వెన్నెల బాగానే వచ్చింది. తెలుపులో కాస్త పసుపు, కాస్త నీలం. అది ఆరాక పైన మరో పలచటి పొర. ఒక్కో పొరకీ రోజులు పట్టేది. ఆరేలోపు బొగ్గుదుమ్ము వచ్చి అంటుకునేది.

చిక్కంతా కుడివైపు చీకటితోనే. ట్యూబులోని నలుపు తిన్నగా పూశాను. కాన్వాసుకి చిల్లు పడ్డట్టుంది.

బాపు ఏళ్ల తరబడి బాయిల తట్టా చెమ్మస్‌తో (చెమ్మస్ అంటే పార) బొగ్గెత్తిన మనిషి. చాయ్ గ్లాసుతో వచ్చి చూశాడు.

"గిది బొగ్గా? బొగ్గు గిట్లుంటదారా? లైటు వడితే మెరుస్తది."

ఫోన్ అందుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి, కాగడాల పక్కన వంగినవాళ్లను చాలాసేపు చూశాడు.

"వీళ్లేరి నీ బొమ్మల?"

చివర్లో వేస్తానన్నాను. నిజానికి రెండు మూడు చుక్కలతో కానిచ్చేద్దామనుకున్నాను.

నలుపు గీకేశాను. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ అంబర్ కలిపితే లోతున్న చీకటి వచ్చింది. దాని మీద కాగడా వెలుగు నిలబడింది. మనిషే కుదరలేదు. నడుం ఎక్కడ వంచాలో తెలియలేదు.

బాపు గ్లాసు కింద పెట్టి, లేని చెమ్మస్ పట్టుకుని, మోకాళ్లు వంచి చూపించాడు. లేచేటప్పుడు గోడ పట్టుకున్నాడు.