నాలుగు చేపల తగవు

రక్తపోటు, మధుమేహాల గురించి చదవడానికి వచ్చినవారు ఈ వారం నన్ను మన్నించాలి. ఈసారి రోగి ఒక చేప. నిర్ధారణలో పొరబడిన వైద్యుణ్ణి నేనే.

పదవీ విరమణ తరువాత బొల్లాపల్లిలో స్థిరపడ్డాను. నిరుటి వేసవి సెలవుల ఆరంభంలో మనుమరాలు పట్టుపట్టగా వినుకొండ నుంచి రెండడుగుల గాజు తొట్టె, నాలుగు టైగర్ బార్బ్ చేపలు తెచ్చాను. పసుపుపచ్చని ఒంటిపై నాలుగు నల్లని పట్టీలు, ఎర్రని అంచుల రెక్కలు. మన చెరువుల్లోని పరిగెలకు ఇవి దూరపు చుట్టాలు. స్వస్థలం సుమత్రా దీవి. వీటిని 1855లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన పీటర్ బ్లీకర్ డచ్చి సైన్యంలో వైద్యుడు. బటావియాలో, అంటే నేటి జకార్తాలో, కొలువు చేస్తూనే వందలాది చేపలను వర్ణించాడు. ఆయన మా వృత్తివాడని తెలిశాక నాకు ఈ చేపలపై అభిమానం పెరిగిన మాట వాస్తవం.

నెల తిరిగేసరికి తగవు మొదలైంది. నాలుగింటిలో పెద్దది మిగిలినవాటిని తరమసాగింది. ముఖ్యంగా అన్నిటికంటే చిన్నదానిని. మేత వేస్తే దానిని దరికి రానీయదు. మూలకు పోతే అక్కడికీ వెళ్లి తోక కొరుకుతుంది. మనుమరాలు ఆ పెద్ద చేపకు రౌడీ అని పేరు పెట్టింది.

మాది బోరునీటిలో ఫ్లోరైడ్ సమస్య ఉన్న ప్రాంతం. అందువల్ల నా మొదటి అనుమానం నీటిపైకి పోయింది. ఆ అనుమానం తప్పు కాదు. చేపల విసర్జకాల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది మొప్పలను దెబ్బతీసి చేపను చిరాకుపెడుతుంది. ఫిల్టరులో పెరిగే బాక్టీరియా దానిని నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మారుస్తుంది. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నైట్రైటు ఎక్కువైతే చేప రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. నైట్రేటు నిండిన బావినీటితో పాలు కలిపి పట్టిన పసికందులు నీలిబారడం వెనుక ఉన్నదీ ఇదే మార్పు. కనుక తొట్టెలో ఏ తేడా వచ్చినా ముందు నీటిని పరీక్షించండి. దుకాణం నుంచి అడిగి తెచ్చిన పాత స్పాంజి ముక్క పుణ్యాన మా నీటిలో అమ్మోనియా లేదు, నైట్రైటూ లేదు.

నీటిలో లోపం లేదంటే లోపం చేపలోనే ఉందని తేల్చేశాను. కోడిపందెం తగవు మహాయుద్ధానికి దారితీసిందని కథలు చెప్పుకునే పల్నాటివాణ్ణి కదా, పోరు కనబడితే మొదట పోటుగాణ్ణే వెతుకుతాను! రౌడీని వల వేసి పట్టి బకెట్టులో ఉంచాను. ఆ పూట తొట్టె ప్రశాంతంగా ఉంది. మరునాటి ఉదయానికి రెండవ చేప, అంతవరకు తన్నులు తిన్నది, రౌడీ పని అందుకుంది. దానినీ వేరు చేసి, రౌడీని తిరిగి లోపల వేశాను. మూడవ రోజు తెల్లవారేసరికి చిన్న చేప తోక మొండిదై, ఫిల్టరు గొట్టానికి అంటుకుని చచ్చి ఉంది.

“తాతయ్యా, ముందు రౌడీని తీసేశాం కదా! అయినా ఎందుకు కొట్టుకున్నాయి?” అని మనుమరాలు అడిగింది. నలభై ఏళ్లు రోగుల ప్రశ్నలకు జవాబు చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్నకు చెప్పలేకపోయాను.

జవాబు వినుకొండ దుకాణంలోని కుర్రవాడి వద్ద దొరికింది. అతడు చేప గుణం అడగలేదు, లెక్క అడిగాడు. “నాలుగే అయితే కొట్టుకుంటాయి డాక్టరుగారూ. పది వేయండి” అన్నాడు. నాలుగు ఉంటేనే ఇంత రభస, పదా అని మొదట నవ్వు వచ్చింది. తరువాత చదివి చూస్తే అతడు చెప్పినదే నిజం. ఇవి గుంపుగా బతికే జీవులు. గుంపులో పెద్దరికం కోసం పోటీ వీటికి సహజం. సంఖ్య తక్కువైతే ఆ పోటీ దెబ్బలన్నీ అట్టడుగున ఉన్న ఒక్క చేపపైనే పడతాయి. ఎనిమిది, పది ఉన్నప్పుడు తరిమేదాని దృష్టి చెదిరిపోతుంది; ఏ ఒక్కటీ గంటల తరబడి బలికాదు. నేను వేరు చేసిన ప్రతిసారీ గుంపును మరింత చిన్నది చేశాను.

అలాగని ఇరుకు తొట్టెలో పది వేయకండి, అమ్మోనియా ముంచుకొస్తుంది. నేను మూడడుగుల తొట్టె కొని, పాత స్పాంజిలో సగం అందులోకి మార్చి మూడు చేపలను వదిలాను. కొత్తగా తెచ్చిన ఎనిమిదింటిని, వ్యాధులేమైనా ఉంటే బయటపడతాయని, రెండు వారాలు పాత తొట్టెలో ఉంచాను. తరువాత ఒక సాయంత్రం పెద్ద తొట్టెలో రాళ్లు, మొక్కలు స్థానం మార్చి, దీపం ఆర్పి, ఎనిమిదింటినీ ఒకేసారి విడిచాను. స్థలం కొత్తదైతే పాతవాటి ఆధిపత్యం సడలుతుంది. మొక్కలు అడ్డుంటే తరిమేవాడికి శత్రువు కనబడడు. మేత రెండు మూలలా వేస్తున్నాను. ఏంజెల్, ఫైటర్ వంటి పొడవు రెక్కల చేపలను మాత్రం వీటితో కలపకండి. ఎంత పెద్ద గుంపైనా ఆ రెక్కలను చూస్తే ఇవి ఆగలేవు.

వైద్యుడిగా రెండు మాటలు. గాయపడిన చేప కోసం మనుషుల యాంటీబయాటిక్ గొట్టాలు విప్పి నీటిలో కలపకండి. అది ఫిల్టరులోని మేలుచేసే బాక్టీరియాను చంపవచ్చు, మందులకు లొంగని క్రిములను పెంచవచ్చు. చేతికి కోతలు, గీతలు ఉంటే చేతితొడుగు లేకుండా తొట్టెలో చెయ్యి పెట్టకండి. మైకోబాక్టీరియం మేరినమ్ అనే క్రిమి, క్షయ క్రిమికి బంధువు, ఆ గాయం ద్వారా ప్రవేశించి కొన్ని వారాల తరువాత నొప్పి అంతగా లేని గడ్డగా తేలుతుంది. నయం కావడానికి నెలల తరబడి మందులు వాడవలసి వస్తుంది. అలాంటి గడ్డతో వైద్యుని వద్దకు వెళితే ఇంట్లో చేపలున్నాయని మీరే చెప్పండి; ఆయనకు అడగాలని తోచకపోవచ్చు. గొట్టంతో నీరు తోడేటప్పుడు నోటితో పీల్చవద్దు.

ఇప్పుడు పదకొండు చేపలున్నాయి. తరుముకోవడం పూర్తిగా ఆగలేదు, కానీ ఏ తోకకూ చిరుగు లేదు. ఆదివారం ఫోను చేసినప్పుడల్లా మనుమరాలు రౌడీ ఎలా ఉందని అడుగుతుంది. నిజం చెప్పాలంటే, అందులో రౌడీ ఏదో నేనిప్పుడు గుర్తుపట్టలేను.