పిండిముద్దకు పౌరసత్వం

మన జాతీయ రాజకీయాల్లో 'పాస్తా' అన్న మాట వంటకం పేరుగా కంటే ఎత్తిపొడుపుగానే ఎక్కువ చెలామణి అయింది. 1999 మే నెలలో శరద్ పవార్, పి.ఎ. సంగ్మా, తారిఖ్ అన్వర్ కాంగ్రెస్ అధ్యక్షురాలి విదేశీ జన్మను ప్రశ్నిస్తూ లేఖ రాసి, పార్టీ నుంచి బహిష్కృతులై, జూన్‌లో నేషనలిస్ట్ కాంగ్రెస్ పార్టీని స్థాపించారు. అదే ఏడాది అక్టోబరులో ఆ పార్టీ మహారాష్ట్రలో కాంగ్రెస్‌తో కలిసి ప్రభుత్వంలో కూర్చున్నది. విదేశీయత అనే మహాసమస్య ఐదు నెలల్లో సద్దుమణిగింది గాని, దాని వెంట పుట్టిన వెటకారం పాతికేళ్లు దాటినా సద్దుమణగలేదు. 2004లో సోనియా గాంధీ ప్రధాని పదవిని వద్దన్న తరువాత కూడా అది ఆగలేదు. మొదట సభావేదికల మీద, తరువాత సెల్‌ఫోన్లలో, ఇటలీ అంటే పాస్తా, పాస్తా అంటే పరాయితనం అనే సమీకరణం స్థిరపడిపోయింది.

ఈ రాజకీయాలను ఢిల్లీలో ఉండి వార్తలుగా రాయడం నా వృత్తి. కొన్నేళ్లుగా ఆదివారాలలో ఇంట్లో పాస్తా చేయడం నా వ్యాపకం. పొట్లంలో దొరికేది కాదు. పిండి కలిపి, ఒత్తి, కోసి చేసేది. ఈ రెండు పనులకూ ఉన్న సంబంధాన్ని చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఒక వంటకాన్ని పిండి దగ్గర నుంచి చేతితో చేసేవారికి, అది ఏ దేశానిదనే ప్రశ్న క్రమంగా అర్థం కోల్పోతుంది. అది ఎవరి పొలం నుంచి, ఏ ఓడ మీద, ఏ ప్రభుత్వ నిర్ణయం వల్ల ఇక్కడికి చేరిందన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది.

ముందుగా పని సంగతి. మనిషికి నూరు గ్రాముల మైదా, ఒక కోడిగుడ్డు. బొలోన్యా నగరం ఉన్న ఎమీలియా ప్రాంతపు కొలత ఇది. పిండిని పీట మీద కుప్ప పోసి, నడుమ గుంట చేసి, అందులో గుడ్డు కొట్టి, అంచుల నుంచి పిండిని కొద్దికొద్దిగా లోపలికి లాగాలి. ముద్ద అయ్యాక అరచేతి మొదలుతో నొక్కుతూ, మడుస్తూ పది నిమిషాలు పిసకాలి. మొదట్లో ముద్ద మొండికేస్తుంది. గరుకుగా, పగుళ్లతో ఉంటుంది. గోధుమలోని మాంసకృత్తులు తడికి ఒకదానితో ఒకటి పెనవేసుకుని గ్లూటెన్ అనే వల అల్లుకున్నకొద్దీ అది నునుపెక్కి, చెవితమ్మెలా మెత్తబడుతుంది. అప్పుడు తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయాలి. ఈ అరగంటను ఎగవేయడం కుదరదు. బిగుసుకున్న గ్లూటెన్ సడలకపోతే, కర్రతో ఎంత ఒత్తినా పిండి వెనక్కి లాక్కుంటూనే ఉంటుంది. ఆ తరువాత పీట మీది గీతలు కనిపించేంత పలుచగా ఒత్తి, పొడిపిండి చల్లి, చాపలా చుట్టి, కత్తితో సన్నగా కోసి విప్పితే రిబ్బన్లు వస్తాయి. వాటి పేరు తాల్యతెల్లె. ఉడికిన తాల్యతెల్లె వెడల్పు సరిగ్గా 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో బొలోన్యా వాణిజ్య మండలిలో ఒక కొలమానాన్నే భద్రపరిచారు.

ఉప్పు వేసి మరిగించిన నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉడికితే చాలు. వార్చే ముందు ఒక గిన్నెడు గంజి తీసి పెట్టుకోవాలి. వెల్లుల్లి, టమాటా మగ్గిన మూకుడులో పాస్తా వేసి ఆ గంజి పోస్తేనే రెండూ ఒకటవుతాయి. గంజి విలువ తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

గుడ్డు లేని పాస్తా దక్షిణ ఇటలీది. పూలియాలో డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వపిండిని ఒట్టి నీళ్లతో కలిపి, బొటనవేలితో ఒత్తి, చిన్న చెవుల ఆకారంలో ఒరెక్కియెత్తె చేస్తారు. ఉత్తరాన గుడ్డు, దక్షిణాన నీళ్లు: ఇది రుచిభేదం మాత్రమే కాదు. పో నది మైదానంలో మెత్తని గోధుమ, పాడి, కోళ్లు ఉన్నాయి. దక్షిణాన ఎండకు ఓర్చే గట్టి గోధుమ, పెద్ద భూస్వాముల చేతిలోని నేల, గుడ్డును తినడం కంటే అమ్ముకోవడమే మేలనుకునే కూలి కుటుంబాలు ఉండేవి. ఆస్తి సంబంధాలు పిండిముద్దలో కూడా కనిపిస్తాయి.

డ్యూరమ్ మనకు పరాయి గింజ కాదు. మధ్యప్రదేశ్‌లోని మాళ్వాలో, గుజరాత్‌లోని భాల్ ప్రాంతంలో అది తరతరాలుగా పండుతోంది. భాలియా గోధుమకు 2011లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కర్ణాటక దుకాణాల్లో ఉప్మా కోసం అమ్మే బన్సీ రవ్వ ఈ జాతి గోధుమదే. అయితే ప్రభుత్వ మద్దతు ధరలో దానికి వేరే స్థానం లేదు. 2025-26 సీజనుకు గోధుమ కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,425 రూపాయలు. గట్టి గోధుమైనా, మామూలు గోధుమైనా అంతే. ప్రపంచానికి ఆహారం పెట్టగలమని 2022 ఏప్రిల్‌లో ప్రధాని ప్రకటించారు. మార్చి ఎండలకు దిగుబడి తగ్గిన లెక్కలు వచ్చాక మే 13న ఎగుమతులను నిషేధించారు. ఆ ఉత్తర్వు మాళ్వా రైతుకూ వర్తించింది. నా పీట మీది రవ్వకు నేను చెల్లించే హెచ్చు ధరలో ఆ రైతుకు చేరేది ఎంత అన్న ప్రశ్న, అది ఇటలీ వంటా మన వంటా అన్న ప్రశ్న కంటే నాకు పెద్దది.

ఇటలీకి కూడా పాస్తా అంత సులభంగా సొంతం కాలేదు. సిసిలీని ఏలిన నార్మన్ రాజు రెండవ రోజర్ కోసం 1154లో ముగించిన భూగోళ గ్రంథంలో అల్ ఇద్రీసీ అనే ముస్లిం పండితుడు, పలెర్మో దగ్గరి ట్రబియాలో 'ఇత్రియా' అనే పిండిపోగులు తయారై ముస్లిం, క్రైస్తవ దేశాలకు ఓడలలో వెళుతున్నాయని రాశాడు. టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చింది. 'మకరోనీ తినేవాళ్లు' అన్నది నేపుల్స్ వాసులను ఎగతాళి చేసే మాట. దక్షిణాదివారు బదులుగా ఉత్తరాదివారిని 'పొలెంతా తినేవాళ్లు' అని వెక్కిరించారు. పొలెంతా అంటే మొక్కజొన్న సంకటి. సోనియా గాంధీ పుట్టిన లుసియానా గ్రామం వెనెతో ప్రాంతంలోనిది; ఆ సీమ పేదలను బతికించింది పాస్తా కాదు, ఈ సంకటి. ఆమె పెరిగిన ఒర్బస్సానో ఉన్నది పియెమోంతెలో. అది యూరప్‌లోకెల్లా పేరున్న వరి పొలాల సీమ. పాస్తా పేరుతో ఆమెను ఎత్తిపొడిచేవారు భూగోళాన్ని కూడా సరిగా చదవలేదన్నమాట. సంకటి, వరి తెలిసిన మనమైనా ఈ మాట గమనించవచ్చు.

ముస్సోలినీ 1925లో 'గోధుమ సమరం' ప్రకటించాడు. దిగుమతులు ఆపాలి, దేశం తన గోధుమను తానే పండించుకోవాలి. ఆ కాలంలో దక్షిణాది పొలాల్లో పేరు తెచ్చుకున్న 'సెనతోరె కప్పెల్లి' అనే డ్యూరమ్ రకాన్ని నజరేనో స్ట్రంపెల్లి ఎంపిక చేసింది ట్యునీసియా విత్తనం నుంచి. స్వదేశీ గోధుమకు మూలం ఆఫ్రికా తీరంలో ఉంది. 1930 డిసెంబరు 28న కవి మారినెత్తి టూరిన్ పత్రికలో ప్రకటించిన 'ఫ్యూచరిస్టు వంట' ప్రణాళిక మరో అడుగు ముందుకు వేసి, పాస్తానే రద్దు చేయాలన్నది. అది ఇటాలియన్లను సోమరులుగా, నిరాశావాదులుగా చేస్తున్నదట. దాన్ని మానేస్తే విదేశీ గోధుమ బెడద తీరి, దేశీయ వరికి మేలు జరుగుతుందట. నేడు జాతి చిహ్నంగా చెప్పుకునే తిండిని నిన్నటి జాతీయవాది జాతిద్రోహంగా చూశాడు. డ్యూరమ్‌తో తప్ప ఎండు పాస్తా చేయరాదని ఇటలీ చట్టం చేసింది 1967లో మాత్రమే. ఆ నిబంధనను దిగుమతులకు వర్తింపజేయరాదని యూరోపియన్ న్యాయస్థానం 1988లో చెప్పింది. సంప్రదాయం అనుకునే దానిలో చట్టం, వాణిజ్యం, వ్యాజ్యం ఎంత ఉన్నాయో ఈ తేదీలు చెబుతాయి.

ఇదంతా నాకు పుస్తకాల సంగతి మాత్రమే కాదు. 2024 జూన్‌లో, ఎన్నికల ఫలితాలు వెలువడిన రోజులలో, మా బాబాయి, పిన్ని ఢిల్లీ వచ్చి మా ఇంట్లో పది రోజులున్నారు. బాబాయి రిటైరైన ఉపాధ్యాయులు. నాకు దినపత్రికలో సంపాదకీయం చదవడం అలవాటు చేసింది ఆయనే. గత కొన్నేళ్లుగా మా ఇద్దరి మధ్య రాజకీయాల మాట తగ్గిపోయింది. ఆయన పంపే వీడియోలు, వాటికి నేను ఇవ్వని జవాబులు మిగిలాయి. ఒక ఆదివారం నేను పిండి కలుపుతుంటే ఆయన వంటింటి గడపలో నిలబడి, "ఏరా, ఇటలీ వంటా? నువ్వు కూడా ఆ జట్టులో కలిశావా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అయినా పళ్లెం పెడితే తినరని నాకు అర్థమైంది.

పిన్ని గుడ్డు ముట్టదు. అందువల్ల ఆ రోజు నేను టస్కనీలో సియెనా వైపు చేసే పిచి కలిపాను. మైదా, నీళ్లు, చెంచాడు నూనె, అంతే. ముద్దలోంచి గోలీ అంత తీసి, పీట మీద అరచేత్తో దొర్లిస్తూ తాడులా సాగదీయాలి. పిన్ని కాసేపు చూసి, కొంగు దోపుకుని నా పక్కన కూర్చున్నది.

"ఇవి తాలికలేరా. వినాయక చవితికి చేసేవే. అక్కడ వరిపిండి, ఇక్కడ మైదా. ఆ పిండిని ఉడకబెడతాం, దీన్ని పచ్చిగా కలిపావు. అంతేగా తేడా?" అంది.

బెల్లం పాలలో ఉడికే తాలికలను యాభై ఏళ్లుగా చేసిన చెయ్యి అది. ఆమె చేసిన పోగులు నావాటికంటే సన్నగా, సమంగా వచ్చాయి. బాబాయి కుర్చీ లాక్కుని వచ్చి చూస్తూ కూర్చున్నారు. ఆ పూట తిన్నారు కూడా. "చప్పగా ఉందిరా, నాలుగు ఎండుమిరపకాయలు తుంచి వేయవలసింది" అన్నారు. గుంటూరు మిరపకాయకు కూడా పోర్చుగీసు ఓడే దారి చూపిందని చెప్పే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. వాదనలో గెలుపు కంటే ఆయన మారు వడ్డించుకోవడం నాకు ముఖ్యం. ఆయన అభిప్రాయాలేమీ మారలేదు. మర్నాడు ఉదయం మళ్లీ అదే ఛానెల్ పెట్టారు. కానీ ఆ మధ్యాహ్నం, చాలా కాలానికి, ఫలితాల గురించి మేమిద్దరం గంటసేపు గొంతు పెంచకుండా మాట్లాడుకున్నాం. ఒకే పళ్లెం నుంచి తినగలిగినంత కాలం భిన్నాభిప్రాయానికి చోటు ఉంటుంది. ఎవరు ఏం తింటారన్నది విధేయతకు పరీక్షగా మారిన రోజున ఆ చోటు పోతుంది.

ఆ పరీక్షలు మన దేశంలో మొదలయ్యాయి. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు పెట్టే ప్రతిపాదనను తిరస్కరించారు. 2024 జూలైలో కన్వర్ యాత్ర దారిలోని తిండి దుకాణాలు యజమానుల పేర్లు రాసి పెట్టాలని ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ అధికారులు ఆదేశించారు. ఏ ఆహారం అమ్ముతున్నారో చెబితే చాలునంటూ జూలై 22న సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసింది. ఇటలీ కూడా 2022 నుంచి వ్యవసాయ మంత్రిత్వ శాఖ పేరులో 'ఆహార సార్వభౌమత్వం' అనే మాటను చేర్చుకున్నది. 2025 డిసెంబరులో మన ఎర్రకోటలో జరిగిన యునెస్కో సమావేశంలో ఇటలీ వంట, మన దీపావళి మానవజాతి వారసత్వ జాబితాలో ఒకేసారి చేరాయి. వారసత్వం మానవజాతిది అని ఒకే వాక్యంలో ఒప్పుకున్న ప్రభుత్వాలు, ఇంటికి వచ్చాక దాన్ని సరిహద్దుగా వాడుకోకుండా ఉంటే చాలు.

ఇటలీ నుంచి నేర్చుకోదగిన పాస్తా చరిత్ర ఒకటుంది. 1943 జూలై 25న ముస్సోలినీ పదవి పోయింది. ఎమీలియాలో కౌలు వ్యవసాయం చేసే చెర్వి కుటుంబం, ఊరివారితో కలిసి, వెన్న, జున్ను అరువు తెచ్చి, భారీగా పాస్తా వండి, బండి మీద కంపెజినె గ్రామ కూడలికి తెచ్చి అందరికీ పంచింది. ఐదు నెలలకు, డిసెంబరు 28న, ఆ ఇంటి ఏడుగురు అన్నదమ్ములనూ ఫాసిస్టులు కాల్చి చంపారు. ఇప్పటికీ ప్రతి జూలై 25న ఆ ఇంటి ముంగిట, ఇటలీలోని ఎన్నో ఊళ్లలో, వెన్న, జున్ను కలిపిన అదే పాస్తాను పంచుతారు. ఆనాటి కూడలిలో నల్లచొక్కా తొడుక్కున్న కుర్రవాడొకడు దూరంగా తచ్చాడుతున్నాడట. నల్లచొక్కా ఫాసిస్టుల గుర్తు. అన్నదమ్ములలో ఆల్దో అతన్ని పిలిచి, వచ్చి తినమని పళ్లెం ఇచ్చాడని చెబుతారు.