ఎక్కడ ఆగింది?

పిల్లలూ! నేను ముప్ఫై ఏళ్లకు పైగా బళ్లో పాఠాలు చెప్పాను. ఉద్యోగం విరమించాక, ఒక మెకానిక్ షెడ్డులో నాకే పాఠం అయింది. ఆ సంగతి చెబుతాను, వినండి.

మా నాన్నగారి పాత బుల్లెట్ 350 మోటారు సైకిలు పొగ కక్కుతూ, నూనె తాగేస్తూ ఉంటే షెడ్డుకు తీసుకువెళ్లాను. అక్కడి మెకానిక్ ఒకప్పుడు నా శిష్యుడే. "మాస్టారూ, బండి బోరుకొచ్చింది," అన్నాడు. అంటే, సిలిండరు లోపలి గోడ అరిగిపోయిందన్నమాట. దాన్ని లోపల సమంగా కోయించి, కొంచెం పెద్ద పిస్టను, కొత్త రింగులు తెప్పించాడు.

ఈ పాత బుల్లెట్‌కు కొత్తలో సిలిండరు లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను ఎక్కిదిగే దూరం 90 మిల్లీమీటర్లు. స్తూపం ఘనపరిమాణం కట్టండి: 22/7 × 3.5 × 3.5 × 9 = 346.5 ఘన సెంటీమీటర్లు. దాన్ని "350" అనడం ఇందుకే!

మెకానిక్ ముందుగా ఇంజను మూతికి శుభ్రమైన గుడ్డ కప్పాడు. చిన్న లాకు జారి లోపల పడిందంటే ఇంజనంతా విప్పవలసిందే! పిస్టనును పిన్నుతో రాడ్డుకు తగిలించి, పిన్ను జారకుండా రెండు వైపులా కొత్త లాకులు వేశాడు.

పిస్టనుకు మూడు రింగులు. పై రెండూ మండే వాయువును కిందికి పోనివ్వవు. అడుగుది గోడమీది నూనెను గీకి దించుతుంది. వేడికి రింగు సాగుతుంది గనక, ప్రతి రింగుకూ ఒకచోట సన్నని సందు ఉంటుంది. ఆ సందులు ఒకే వరుసలో ఉంటే వాయువుకు దారి దొరుకుతుంది. అందుకని వాటిని మూడు వైపులకు తిప్పాడు.

"సిలిండరు నేను దించుతానోయ్," అన్నాను. నూనె రాసి, పిస్టను మీదికి దించాను. కొంచెం దిగి ఆగిపోయింది. నాకేమో తొందర! అరచేత్తో ఒక్కటి వేశాను. టిక్కుమంది. రింగు విరిగింది. పోత ఇనుము కదా!

అతను కోప్పడలేదు. వేరే రింగులు తొడిగి, ఒక్కొక్కదాన్నే వేళ్లతో గాడిలోకి నొక్కిపట్టి, సిలిండరును మెల్లగా ఆడిస్తూ దించాడు. "ఆగిందంటే ఎక్కడో చిక్కుకున్నట్టు, మాస్టారూ. చూసుకోవాలి గాని నెట్టకూడదు," అన్నాడు.

నా తల వంగిపోయింది. ఏడో తరగతిలో ఈ కుర్రవాడు లెక్క మధ్యలో ఆగిపోయేవాడు. ఎక్కడ చిక్కుకున్నాడో నేను ఏనాడూ అడగలేదు; గద్దించాను. మరుసటి ఏడు అతను బడి మానేశాడు. ఆ మాటే అతనితో అన్నాను. అతను కాసేపు మాట్లాడలేదు.

సాయంత్రం తక్కినవన్నీ బిగించి, "కిక్కు కొట్టండి, మాస్టారూ. కొత్త రింగులు గోడకు ఒదిగేదాకా నిదానంగా నడపండి," అన్నాడు.

ఇప్పుడు మా మనవరాలు లెక్క మధ్యలో ఆగితే, "ఎక్కడ ఆగింది, తల్లీ?" అని అడుగుతున్నాను.