కాలికి కావలసింది

మా పెదనాన్న నలభై ఏళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించాడు. కాళ్ళతో తొక్కే లెగ్ హార్మోనియం. మోకాళ్ళు అరిగిపోయి కిందటేడు మానేశాడు. నల్లపాడులో ఆ పెట్టె మీద ఇప్పుడు దుప్పటి కప్పి ఉంది. "కీబోర్డు కొనిస్తా పెదనాన్నా, తొక్కే పనే ఉండదు" అన్నాను ఫోన్లో.

రివ్యూలన్నీ చదివి, కీబోర్డుతో పాటు సస్టెయిన్ పెడల్ కూడా కొన్నాను. మొదటి రోజే అది తిరగబడింది: కాలు తీస్తే స్వరం సాగుతోంది, నొక్కితే తెగుతోంది. కొన్ని పెడళ్ళలో నొక్కితే సర్క్యూట్ కలుస్తుంది, కొన్నిట్లో తెగుతుంది. చాలా కీబోర్డులు ఆన్ చేసినప్పుడే పెడల్ ఏ రకమో చూసుకుంటాయి. ఆ క్షణాన పెదనాన్న కాలు దాని మీదే ఉంది. ఆపి, కాలు తీయించి, మళ్ళీ ఆన్ చేశాను.

పెడల్ దారికొచ్చింది గానీ పద్యం రాలేదు. చివర రాగం ఎత్తుకునేసరికి స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయాయి. కాలు తీసేసి వాయించాడు. శుభ్రంగా ఉంది, కానీ మొదటి నుంచి చివరిదాకా ఒకటే మట్టం.

"దీనికి ఊపిరి లేదురా" అని లేచిపోయాడు.

తొక్కడాన్ని నేను వట్టి శ్రమ అనుకున్నాను. ఆయనకది వాయిద్యంలో సగం. నటుడు రాగం పైకి తీస్తుంటే గాలి పెంచాలి, మాట మొదలవగానే తగ్గించాలి. 1842లో పారిస్‌లో డెబేన్ పేటెంటు తీసుకున్న హార్మోనియం కూడా కాళ్ళతో తొక్కేదే. తర్వాత కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతితిత్తి పెట్టె తయారుచేశాడు. దాంట్లో ఒక చెయ్యి గాలికే పోతుంది. కాళ్ళ పెట్టెలో రెండు చేతులూ స్వరాలవే.

ఆయనకి కావలసింది ఎక్స్‌ప్రెషన్ పెడల్. మిడిలో సస్టెయిన్ 64వ నంబరు, ఎక్స్‌ప్రెషన్ 11. మామూలు సస్టెయిన్ పెడల్ నొక్కారా లేదా అన్నదే చెబుతుంది. ఇది ఎంత నొక్కారో 0 నుంచి 127 దాకా చెబుతుంది. నేను కొన్న కీబోర్డుకి ఆ సాకెట్టే లేదు. దాన్ని అమ్మేసి, ఉన్నది కొన్నాను. వైరింగ్ కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి పెడల్ కూడా అదే కంపెనీది తీసుకున్నాను.

శివరాత్రికి ఊరెళ్ళి బిగించాను. మోకాలు ఎత్తక్కర్లేదు, మడమ ఆనించి పాదం వంచితే చాలు. ఒక పద్యం రాగంతో సహా వాయించి "ఫరవాలేదు" అన్నాడు. కుడికాలు పెడల్ మీద ఉంది. ఎడమకాలు మాత్రం ఉత్త నేలని తొక్కుతూనే ఉంది. నేను వద్దనలేదు.