గడ్డిలో గంగవాయిలి

మా ఇంటి ముందు పచ్చిక పెద్దదేం కాదండీ. నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది. హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు కారుకు పోగా మిగిలిన జాగాలో మా వారు ముచ్చటపడి గడ్డి వేయించారు. ముచ్చట ఆయనది, చాకిరీ నాది. మన ఇళ్ళలో మామూలేగా!

పోయిన ఏప్రిల్‌లో ఆ గడ్డిలో గోధుమరంగు మచ్చలు పడ్డాయి. ఎండకేమో అనుకుని రోజూ సాయంత్రం నీళ్ళు చల్లాను. మచ్చలు తగ్గలేదు సరికదా, తుంగ లేచింది. అప్పుడే వరంగల్ దగ్గర మా ఊరి నుంచి అత్తమ్మ వచ్చారు. నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి. నా చేతిలో పైపు చూసి, "ట్యాంకర్ నీళ్ళు కొని, బర్రె కూడ మెయ్యని గడ్డికి పోస్తున్నవా బిడ్డా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం గుచ్చుకుంది.

మర్నాడు నర్సరీలో అడిగి పురుగుమందు తెచ్చి, పొద్దుగూకాక గడ్డంతా కొట్టాను. అత్తమ్మకు చెప్పలేదు. మళ్ళీ ఏమంటారోనని.

తెల్లారి నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో పోపు వాసన. మా చిన్నోడు కంచం ముందు కూర్చున్నాడు. అత్తమ్మ వాడి అన్నంలో నెయ్యి వేస్తున్నారు.

"ఏం పప్పు అత్తమ్మా?"

"గంగవాయిలి. మన గడ్డిలనే మస్తుగున్నది. నువ్వు కలుపని పీకి పారేస్తున్నవు గాని..."

ఆ తర్వాత మాట నాకు వినిపించలేదు. కంచం లాగేశాను. వాడు ఇంకా ముద్ద పెట్టుకోలేదు. సంగతి చెబుతుంటే నా గొంతు వణికింది. అత్తమ్మ పప్పు గిన్నె తీసి పారబోసి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చారు. "మందు కొట్టిన అని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద బిడ్డా" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది.

ఆ రోజే మందు డబ్బా మొదటిసారి చదివాను. దాని మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అన్నిటికన్నా ఘాటు విషం. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. నాది పసుపు. బియ్యంలో రాళ్ళు ఏరే నేను దీన్ని చూడకుండా కొట్టాను!

రెండు వారాలు ఎవరినీ గడ్డి మీద అడుగు పెట్టనివ్వలేదు. ఆ తర్వాత అత్తమ్మే దారి చూపించారు. గోరింకలు గుంపుగా వాలి గడ్డిలో పొడుస్తున్నాయంటే పురుగుందన్నమాట. మచ్చ అంచున బకెట్ సబ్బునీళ్ళు పోస్తే కాసేపటికి లద్దె పురుగులు పైకి వచ్చాయి. పగలు గడ్డి మొదళ్ళలో దాక్కుని రాత్రిళ్ళు తింటాయట. రాత్రి టార్చి పట్టుకుని ఇద్దరం ఏరాం. మిగిలినవి పొద్దున గోరింకల పాలు.

తుంగను పైపైన పీకితే లాభం లేదు. భూమిలో గడ్డ మిగిలితే మళ్ళీ మొలుస్తుంది. నీళ్ళు పెట్టిన మర్నాడు, మట్టి మెత్తగా ఉండగా, గడ్డతో సహా తవ్వి తీయాలి. తుంగకు తడంటే ప్రాణం. నేను రోజూ చల్లిన నీళ్ళు దానికే పండగయ్యాయి. ఇప్పుడు మూడు రోజులకోసారి, తెల్లవారుజామున, వేళ్ళదాకా ఇంకేలా పెడుతున్నాను. వేసవిలో గడ్డిని మరీ పొట్టిగా కత్తిరించడం లేదు. కాస్త ఎత్తుగా ఉంటే నేలకు నీడ, కలుపు మొలకకు ఎండ అందదు. నీళ్ళ ఖర్చు తగ్గింది. అత్తమ్మ అన్నది అదేగా మొదట్లో!

గోడవారన ఒక మూల మాత్రం గంగవాయిలికి వదిలేశాం. అక్కడ ఏ మందూ పడదు. తుంగ పూర్తిగా పోలేదండీ, పోదు కూడా. అత్తమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ముందు దాని గురించే అడుగుతారు. నేనూ ఏదీ దాచకుండా చెబుతున్నాను.