చందా యిచ్చినవారి వాకిలి

ఎల్లారెడ్డిలో పేదపిల్ల పెండ్లికి పుస్తెమట్టెలు కావలెనన్నచో ఇంటింట చందా దొరకును. న్యాయశాస్త్రము చదువగోరు పిల్లకు బస్సు కిరాయియు, వసతిగృహపు ఖర్చును కావలెనన్నచో, "చదివి మామీదనే దావా వేయదు గదా?" అని నవ్వుదురు. కామారెడ్డిలోను మేమీ మాటయే వింటిమి. దాతల భయమంతయు ఆ నవ్వులోనే కలదు.

చందాలతో స్త్రీవిద్యను నిలుపుట మనకు క్రొత్త గాదు. 1928లో మాడపాటి హనుమంతరావుగారు ప్రభృతులు హైదరాబాదున తెలుగు బాలికల పాఠశాలను నెలకొల్పిరి. ప్రభుత్వపు గుర్తింపు లేకున్నను వెనుదీయక, బాలికలను కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయ పరీక్షలకు పంపిరి.

1923 కాకినాడ కాంగ్రెసు నాటి ముచ్చటను స్మరింపుడు. ప్రదర్శనశాల వాకిట సేవకురాలుగా నిలిచిన బాలిక దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూగారినే ఆపెను. టిక్కెట్టు వచ్చిన పిదపనే లోనికి విడిచెను. ఆమెయే తరువాత న్యాయవాదియు, రాజ్యాంగసభ సభ్యురాలును అయ్యెను.

మన విద్యావేతనము పొందిన పిల్ల రేపు మన పొలములో కూలి తక్కువయనవచ్చును. మన కుమారునికి కట్నము తప్పనవచ్చును. న్యాయము నేర్వుమని ధనమిచ్చి, మా వాకిట మాత్రము పలుకవలదనుట తగునా? కావున దాత చేతినుండి గాక ఊరుమ్మడి నిధినుండి, ఎవరి పేరును చెప్పక, ఏడాది రుసుము ముందుగనే కళాశాలకు చెల్లింపవలెను. వేదికపై ఆమెచేత దండములు పెట్టింపరాదు. ఆమె ఎవరికిని ఋణపడకుండ చదివినప్పుడే చందా సార్థకమని మా నమ్మకము.