గరికపాడు అరుగు మీద ఎర్రకోటు పటాలం

విజయవాడ–హైదరాబాద్ బస్సుల్లో తిరిగేవాళ్లకి గరికపాడు అంటే చెక్‌పోస్టే. 65వ నంబర్ హైవే ఇక్కడ పాలేరు దాటుతుంది. 2024 సెప్టెంబరు వరదలకి వంతెన దెబ్బతిని బండ్లు ఆగిపోయినప్పుడు టీవీలో చూసే ఉంటారు. మా అమ్మమ్మది ఈ ఊరు. ఈసారి సెలవులకి 60 మంది సైనికుల్ని వెంటేసుకుని వచ్చా. ఒక్కోడి ఎత్తు 28 మిల్లీమీటర్లు.

వార్‌గేమింగ్ అంటే ఫోన్‌లో ఆడేది కాదు. పాత యుద్ధాన్ని బల్ల మీద బొమ్మలతో, పాచికలతో మళ్లీ ఆడటం. బొమ్మలు రంగు లేకుండా వస్తాయి. అసలు చాకిరీ అక్కడే.

నేను తయారుచేస్తున్నది చందుర్తి యుద్ధం. 1758 డిసెంబరు, పిఠాపురం దగ్గర. ఒకవైపు కల్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతిరాజు. అవతల కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేన. ఫోర్డ్ వెంట బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలవి ఎర్రకోట్లు. ఫ్రెంచివాళ్లు అప్పటిదాకా చూసిన మద్రాసు సిపాయిలవేమో తెల్లబట్టలు. దాంతో ఎర్రగా కనబడ్డవాళ్లే ఇంగ్లీషు పటాలం అనుకుని వాళ్ల మీదికి పోయారు. అసలు ఇంగ్లీషువాళ్లు ఎత్తుగా పెరిగిన చేను చాటు నుంచి పక్కగా వచ్చి పడ్డారు. యుద్ధం అక్కడే తిరిగిపోయింది. నాలుగు నెలలకి మచిలీపట్నం కోట కూడా ఫ్రెంచివాళ్ల చెయ్యిజారింది.

మరి అంతపని చేసిన ఎరుపుని ఎలాపడితే అలా వేస్తే ఎలా? జగ్గయ్యపేట, నందిగామ మీదుగా ఇబ్రహీంపట్నం బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో కొండపల్లి పోయా. గుంపు బొమ్మలకి రంగెయ్యడంలో వాళ్లని మించినవాళ్లెవరు? తెల్ల పొణికి చెక్క, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కు, పైన సుద్ద పూత, ఆ తర్వాతే రంగు. ఓ ఇంట్లో ఒకావిడ ఏనుగు అంబారీల వరసకి ఎరుపు వేస్తోంది. పక్కన కూచుని అడిగా.

“ఒక్కోటీ పూర్తి చేస్తా కూచుంటే పొద్దుగూకుద్ది బాబూ. ఎర్రంగు తీస్తే అన్నిటికీ ఎర్రే” అంది, కుంచె ఆపకుండా.

ఇంటికొచ్చి అదే చేశా. ఒక చెక్కపట్టీకి పదేసి మందిని అంటించి, 60 కోట్లూ ఒకే ఊపులో. ఒక్క తేడా ఉంది. కొండపల్లివాళ్లు తెల్ల సుద్ద మీద వేస్తారు, ఎరుపు భగ్గుమంటుంది. ఇంత చిన్న బొమ్మకి అది పనికిరాదు. కింద ఇటుకరంగు వేసి, మడతల్లో దాన్ని వదిలేసి, పైకి తేలిన చోటే ఎరుపు తగిలించాలి. ఇంకా వెలుగు కావాలంటే నారింజ కలపండి. తెలుపు కలిపితే గులాబీ అయి కూచుంటుంది!

తర్వాత మొహాలు. ఎర్రకోటు అంటే ఇంగ్లీషువాడే అని సినిమాలు మనకి అలవాటు చేశాయి. ఫోర్డ్ వెంట తెల్లవాళ్లు 500 మంది ఉంటే గొప్ప, సిపాయిలు 2000 దాకా. తలపాగా, ఎర్రకోటు, పొట్టి చల్లడం, కింద ఉత్తకాళ్లు. గోధుమరంగు కలిపి వేస్తుంటే అమ్మమ్మ ఒకణ్ణి అరచేతిలో పెట్టుకుని కళ్లజోడు సర్దుకుంది.

“ఈడు మనోడల్లే ఉన్నాడేంట్రా? మరి దొర చొక్కా ఏసుకున్నాడే?”

జీతానికి అని చెప్పా. “అటుపక్కో?” అంది. అటుపక్కా అంతే. ఫ్రెంచివాళ్లకీ వేలల్లో సిపాయిలున్నారు. రేపటి నుంచి వాళ్లకి వెయ్యాలి. కోటు రంగు మారుతుంది. మొహాలకి కలిపిన గోధుమరంగు ఇంకా అరగిన్నె మిగిలింది, ఆరిపోకుండా మూతపెట్టా.